పుస్తకాల షాపులో జాజ్... మా నాన్న క్లారినెట్

"వాళ్లంతా కూర్చునే వింటున్నార్రా?"

ఫోన్లో మా నాన్న అడిగిన మొదటి ప్రశ్న ఇదే. వాయించేది ఎవరు, ఏ పాట అని అడగలేదు. శాన్ ఫ్రాన్సిస్కోలో అప్పుడు శుక్రవారం సాయంత్రం. పాలకొల్లు పక్కన మా ఊళ్లో శనివారం పొద్దున. నేను పంపిన లింకు నొక్కి, టీ గ్లాసు పక్కన పెట్టుకుని, అరుగు మీద కూర్చుని చూస్తున్నాడు. నేను అదే కచేరీలో వెనక వరుసలో ఉన్నాను. విరామంలో బయటికొచ్చి ఫోన్ చేశాను.

"అవును నాన్నా, కూర్చునే వింటున్నారు. ఎవరూ మాట్లాడుకోవడం లేదు."

అవతల కాసేపు నిశ్శబ్దం. తర్వాత "మంచిది" అన్నాడు.

ఆ ఒక్క మాట వెనక ముప్ఫయ్యేళ్ల కథ ఉంది. అది చెప్పాలంటే ముందు ఈ షాపు సంగతి చెప్పాలి.

లైబ్రరీ పోయి షాపు వచ్చింది

నేను సాఫ్ట్‌వేర్ ఇంజినీర్ని. ఇక్కడికి వచ్చిన కొత్తలో అద్దె కాస్త తక్కువని గ్లెన్ పార్క్ అనే పేటలో ఓ ఇంట్లో గది తీసుకున్నాను. బార్ట్ రైలు దిగి నాలుగు అడుగులు వేస్తే చెనరీ వీధి. కూరగాయల కొట్టు, కాఫీ షాపు, రెండు మూడు హోటళ్లు. మన చిన్న ఊళ్లలో మెయిన్ రోడ్డులాగే ఉంటుంది. ఒక శుక్రవారం ఆఫీసు నుంచి వస్తుంటే ఓ పుస్తకాల షాపు లోపలి నుంచి శాక్సఫోన్ వినిపించింది. రికార్డు పెట్టారేమో అనుకున్నాను. అద్దంలోంచి చూస్తే అరల మధ్య కుర్చీలు, వాటి నిండా జనం. లోపల చిన్న వేదిక మీద నలుగురు మనుషులు వాయిస్తున్నారు.

షాపు పేరు 'బర్డ్ అండ్ బెకెట్'. బర్డ్ అంటే పిట్ట కాదు, చార్లీ పార్కర్. 1920లో పుట్టి 1955లో 34 ఏళ్లకే పోయిన శాక్సఫోన్ విద్వాంసుడు. జాజ్ అభిమానులకి ఆయన 'బర్డ్'. బెకెట్ అంటే 'వెయిటింగ్ ఫర్ గోడో' నాటకం రాసిన శామ్యూల్ బెకెట్. 1969లో నోబెల్ బహుమతి వచ్చింది. ఒకరు సంగీతం, ఒకరు సాహిత్యం. షాపులో ఏం దొరుకుతుందో పేరే చెప్పేస్తుంది.

యజమాని ఎరిక్ విటింగ్టన్ 1999లో ఈ షాపు మొదలుపెట్టారు. మొదట దగ్గర్లోనే డైమండ్ వీధిలో ఉండేది. 2007లో పేటలోని ప్రభుత్వ లైబ్రరీ కొత్త భవనానికి మారిపోతే, ఖాళీ అయిన చోటికి ఈ షాపు వచ్చింది. అంటే పుస్తకాలు వెళ్లిన గదిలోకి మళ్లీ పుస్తకాలే వచ్చాయి. మన దగ్గరైతే అక్కడ సెల్‌ఫోన్ షోరూమ్ వచ్చేది! ఇరవై ఏళ్లకు పైగా ఇక్కడ శుక్రవారం అంటే జాజ్. మిగతా రోజుల్లోనూ కచేరీలు, కవితా పఠనాలు జరుగుతుంటాయి.

ఆ రోజు లోపలికి వెళ్లి గోడకి ఆనుకుని నిలబడ్డాను. నా పక్కన కవిత్వం అర. ముందు వరుసలో ఓ పెద్దావిడ కళ్లు మూసుకుని వింటోంది. ఒకాయన ఒళ్లో మూడేళ్ల పాప డ్రమ్ములు వాయించే అతని చేతులకేసి నోరు తెరుచుకుని చూస్తోంది. వేదికకీ జనానికీ మధ్య దూరం లేదు. డ్రమ్ముల మీద బ్రష్షు రాసుకునే చప్పుడు, తీగ మీద వేలు జారే చప్పుడు, అన్నీ వినబడతాయి. మైకుల్లో విని పెరిగిన నా చెవులకి అది వింతగా ఉంది.

ఒకరు మాట్లాడితే ముగ్గురు వినడం

మొదట్లో నాకేమీ అర్థం కాలేదని ఒప్పుకోవాలి. అందరూ కలిసి ఓ పాట మొదలుపెడతారు, ఆ తర్వాత ఎవరికి తోచింది వాళ్లు వాయిస్తున్నట్టు ఉంటుంది. నాలుగైదు వారాలు వెళ్లాక లోపలి లెక్క దొరికింది. లెక్క దొరికితే ఇంజినీరు ఊరుకుంటాడా!

సంగతి ఇది. ముందు అందరూ కలిసి అసలు ట్యూన్ వాయిస్తారు. దాన్ని 'హెడ్' అంటారు. మన పల్లవి అనుకోండి. చాలా పాటలకి 32 బార్ల చట్రం ఉంటుంది. బ్లూస్ అయితే 12 బార్లు. హెడ్ అయ్యాక ఆ చట్రం గుండ్రంగా తిరుగుతూనే ఉంటుంది. దాని మీద ఒక్కొక్కరూ వంతుల వారీగా అప్పటికప్పుడు కల్పించి వాయిస్తారు. చివర్లో అందరూ మళ్లీ హెడ్ దగ్గరికి చేరతారు. మన కచేరీల్లో కల్పనస్వరాలు పాడి తిరిగి పల్లవి ఎత్తుగడకి వచ్చి పడతారు చూడండి, అలాగన్నమాట. గురి తప్పకుండా వచ్చి పడినప్పుడు ఇక్కడి జనం కూడా "ఆహా" అన్నట్టే కూత పెడతారు. ఒక్కో సోలో అయ్యాక పాట మధ్యలోనే చప్పట్లు కొట్టడం ఇక్కడ మర్యాద.

తేడా కూడా ఉంది. మనకి కింద తంబురా శ్రుతి ఒకటే, కదలదు. రాగం దాని మీద నిలబడుతుంది. జాజ్‌లో కిందున్న నేలే కదులుతుంది. పియానో స్వర సముదాయాలు, అంటే కార్డ్స్, బారు బారుకీ మారిపోతుంటాయి. వాయించేవాడు కదిలే పడవ మీద నడుస్తున్నట్టు తన స్వరాలు మార్చుకుంటూ పోవాలి. చార్లీ పార్కర్ గొప్పతనం అక్కడే. అంత వేగంగా కార్డ్స్ మారుతుంటే వాటి మధ్య కొత్త దారులు వెతికాడు. 1940ల్లో వచ్చిన ఆ పద్ధతికే 'బీబాప్' అని పేరు.

నాకు బాగా నచ్చేది 'ట్రేడింగ్ ఫోర్స్'. నాలుగు బార్లు శాక్సఫోన్, నాలుగు బార్లు డ్రమ్స్, మళ్లీ నాలుగు పియానో, మళ్లీ నాలుగు డ్రమ్స్. తని ఆవర్తనంలో మృదంగం, ఘటం ఒకరినొకరు కవ్వించుకుంటాయే, అదే సరదా. ఒకరు వాయించేటప్పుడు మిగతా ముగ్గురి ముఖాలు చూడాలి. నవ్వుతారు, తలూపుతారు, కనుబొమ్మ ఎగరేస్తారు. మా ఆఫీసు మీటింగుల్లో ఒకరు మాట్లాడుతుంటే మిగతావాళ్లం ల్యాప్‌టాప్‌లో మెయిల్స్ చూసుకుంటాం. ఇక్కడ వినకపోతే పాటే పడిపోతుంది.

మన సంగీతానికీ జాజ్‌కీ చుట్టరికం కొత్తదేం కాదు. గిటారిస్టు జాన్ మెక్‌లాఫ్లిన్ 1970ల్లో 'శక్తి' బృందం కట్టినప్పుడు జాకిర్ హుస్సేన్ తబలా, విక్కు వినాయక్‌రామ్ ఘటం అందులో ఉన్నాయి. ఆ తర్వాతి తరం 'రిమెంబర్ శక్తి'లో మాండలిన్ వాయించింది ఎవరనుకుంటున్నారు? మా పాలకొల్లు కుర్రాడే, మాండలిన్ శ్రీనివాస్. 1983లో, ఇంకా మీసాలు కూడా రాని వయసులో, బెర్లిన్ జాజ్ ఉత్సవంలో వాయించి వచ్చాడు. 2014లో 45 ఏళ్లకే పోయాడు. మా ఊళ్లో ఆయన పేరు చెప్పుకుని గర్వపడతాం. కానీ అదే ఊళ్లో రోడ్డు మీద వాయించే వాళ్ల పేర్లు మాత్రం ఎవరికీ గుర్తుండవు.

ఇల్లే నడిచి వచ్చింది

ఈ నగరంలో పుస్తకాలకీ జాజ్‌కీ పాత స్నేహం ఉంది. 1957లో కెనెత్ రెక్స్‌రాత్, లారెన్స్ ఫెర్లింగెట్టి అనే కవులు 'ద సెల్లార్' అనే క్లబ్బులో జాజ్ వాద్యాల మధ్య కవిత్వం చదివారు. ఈ ఫెర్లింగెట్టే 1953లో మొదలైన 'సిటీ లైట్స్' పుస్తకాల షాపు స్థాపకుల్లో ఒకరు.

ఇంకో కథ ఉంది, వింటే మనసు చివుక్కుమంటుంది. ఫిల్‌మోర్ అనే పేటని ఒకప్పుడు 'పడమటి హార్లెమ్' అనేవారు. నల్లవాళ్ల ఇళ్లు, దుకాణాలు, వీధికో జాజ్ క్లబ్బు. పోస్ట్ స్ట్రీట్‌లో ఓ పాత చెక్క ఇంట్లో 1950 నుంచి 'జింబోస్ బాప్ సిటీ' నడిచేది. వేరే క్లబ్బుల్లో పని ముగించుకున్న వాద్యకారులు అర్ధరాత్రి దాటాక ఇక్కడ చేరి, రెండింటి నుంచి తెల్లవారే దాకా తమకోసం తాము వాయించుకునేవారు. 1965లో అది మూతపడింది. 'పునరభివృద్ధి' పేరుతో ఆ పేటలో ఇళ్లకి ఇళ్లే కూలగొట్టారు. వేల మంది చెల్లాచెదురయ్యారు.

కానీ ఆ చెక్క ఇల్లు మాత్రం కూలలేదు. దాన్ని అమాంతం లేపి, రెండు మూడు వీధులు జరిపి, ఫిల్‌మోర్ వీధిలో పెట్టారు. అందులోకి ఏం వచ్చిందో తెలుసా? 'మార్కస్ బుక్స్' అనే పుస్తకాల షాపు. నల్లజాతి రచయితల పుస్తకాల కోసం 1960లో మొదలైన దుకాణం. జాజ్ క్లబ్బు ఇంట్లో పుస్తకాలు! 2014లో ఆ ఇంటి నుంచి వాళ్లూ ఖాళీ చేయాల్సి వచ్చింది. ఓక్లాండ్‌లో వాళ్ల షాపు మాత్రం మిగిలింది.

ఇది చదివాక బర్డ్ అండ్ బెకెట్‌లో ఆ చిన్న వేదికని చూసే చూపు మారింది. వాయించడానికి ఓ చోటు ఉండటం, ఆ చోటు నిలబడటం ఎంత కష్టమో తెలిసింది.

ఎర్ర కోటు

ఇక మా నాన్న సంగతి.

మా నాన్న బ్యాండు మేళంలో క్లారినెట్ వాయించేవాడు. ఎర్ర కోటు, భుజాల మీద జరీ కుచ్చులు, తెల్ల ప్యాంటు. పెళ్లి ఊరేగింపులు, జాతరలు, వినాయకుడి నిమజ్జనాలు, పెద్దవాళ్లు పోతే ఆఖరి యాత్రలు. మాఘమాసం వచ్చిందంటే ఇంట్లో ఉండేవాడు కాదు. బయానా పుచ్చుకున్నాక జ్వరమొచ్చినా వెళ్లాల్సిందే.

ఆయన దగ్గర ఓ లాంగ్ నోట్‌బుక్కు ఉండేది. సినిమా పాట కొత్తది వస్తే రేడియోలో, క్యాసెట్లో నాలుగుసార్లు విని, సరిగమలు తెలుగులో రాసుకునేవాడు. ఇక్కడి జాజ్ వాద్యకారుల దగ్గర 'రియల్ బుక్' అనే పుస్తకం ఉంటుంది. అందరూ వాయించే పాటల ట్యూన్లు, కార్డ్స్ అందులో ఉంటాయి. 1970ల్లో బోస్టన్‌లో సంగీతం చదువుకునే కుర్రాళ్లు హక్కులు గట్రా ఏమీ అడక్కుండా తయారుచేసి చాటుమాటుగా అమ్మారట. 2004లో గానీ అనుమతులతో అచ్చు కాలేదు. అది చూసినప్పుడు నాకు మా నాన్న నోట్‌బుక్కే గుర్తొచ్చింది.

నేను ఆ నోట్‌బుక్కుని ఎప్పుడూ తెరవలేదు. నిజం చెప్పాలంటే సిగ్గుపడేవాణ్ని. తొమ్మిదో తరగతిలో మా క్లాసు అబ్బాయి వాళ్ల అక్క పెళ్లికి వెళ్లాను. ఊరేగింపు ముందు మా నాన్న. కుర్రాళ్లు ఆయన చుట్టూ గంతులేస్తున్నారు. ఒకడు పది రూపాయల నోటు ఆయన కోటు గుండీలో దోపాడు. ఆయన వాయించడం ఆపకుండానే తలవంచాడు. నేను జనం వెనక్కి వెళ్లిపోయాను. భోజనాల దగ్గర మేళం వాళ్లకి ఆఖరి బంతి. అప్పటికి నేను తినేసి ఇంటికి పోయాను. మర్నాడు ఆయన "ఎప్పుడొచ్చావురా, కనబడలేదే" అన్నాడు. నేను "తలనొప్పి" అన్నాను. ఇంజినీరింగ్ అప్లికేషన్లో తండ్రి వృత్తి దగ్గర 'వ్యాపారం' అని రాశాను. ఆ ఫీజు మాత్రం క్లారినెట్టే కట్టింది.

తర్వాత డీజేలు వచ్చాయి. ఓ వ్యాను, నాలుగు పెద్ద బాక్సులు ఉంటే చాలు, పన్నెండు మందికి భోజనం పెట్టక్కర్లేదు. బేరాలు తగ్గాయి. మేళంలో కుర్రాళ్లు కొందరు రొయ్యల చెరువుల మీద పనికి, కొందరు గల్ఫ్‌కి పోయారు. నాకు ఉద్యోగం వచ్చిన ఏడాది నాన్న క్లారినెట్‌ని పెట్టెలో పెట్టేశాడు. "ఇంక అవసరం లేదుగా" అన్నాడు. నేను కూడా హమ్మయ్య అనుకున్నాను. ఆ మాట ఇప్పుడు రాస్తుంటే బాధగా ఉంది.

ఆ రాత్రి షాపులో ఏం జరిగిందంటే, శాక్సఫోన్ వాయించే పెద్దాయన మధ్యలో దాన్ని స్టాండు మీద పెట్టి, కింద నుంచి క్లారినెట్ తీశాడు. చాలా నిదానమైన పాట. కింది స్థాయిలో మొదలుపెట్టాడు. ఆ శబ్దం నాకు కొత్త కాదు. తెల్లవారుజామున మా పెరట్లో నాన్న సాధన చేసేటప్పుడు దుప్పటిలోంచి విన్న శబ్దం. చుట్టూ నలభై మంది దాకా ఊపిరి బిగబట్టి వింటున్నారు. ఎవరూ గంతులేయడం లేదు, ఎవరూ ఫోన్లో మాట్లాడటం లేదు. పాట అయ్యాక ఆయన పేరు చెప్పారు. అందరూ చప్పట్లు కొట్టారు. నా కళ్లలో నీళ్లు తిరిగాయి. పక్కావిడ నేను పెద్ద జాజ్ అభిమానిననుకుని ఉంటుంది.

ఇంటికెళ్లి చదవడం మొదలుపెట్టాను. జాజ్ పుట్టింది న్యూ ఆర్లీన్స్‌లో. దాని మూలాల్లో ఒకటి బ్యాండు మేళమే! అంతర్యుద్ధం తర్వాత మిలిటరీ బ్యాండ్ల తరహా వాద్యాలు నల్లవాళ్ల చేతికి వచ్చాయి. కార్నెట్, క్లారినెట్, ట్రాంబోన్, పెద్ద డ్రమ్ము. ఊరేగింపుల్లో, అంతిమయాత్రల్లో వీధుల్లో నడుస్తూ వాయించేవారు. శ్మశానానికి వెళ్లేటప్పుడు నిదానమైన భక్తి గీతం, తిరిగి వచ్చేటప్పుడు హుషారైన పాట. వెనక జనం ఆడుకుంటూ నడిచేవారు. లూయీ ఆర్మ్‌స్ట్రాంగ్ చిన్నప్పుడు కార్నెట్ సాధన చేసింది కూడా బాల నేరస్థుల ఆశ్రమం బ్యాండులోనే. మన దగ్గరి బ్యాండు మేళాలకీ మూలం బ్రిటిష్ మిలిటరీ బ్యాండ్లే. ఒకే రకం వాద్యాలు, ఒకే రకం వీధులు. అక్కడి వీధి సంగీతం లోపలికి వచ్చి కుర్చీలు వేయించుకుంది. మనది వీధిలోనే ఉండిపోయింది.

నోటు ఎక్కడ పెడతాం

బర్డ్ అండ్ బెకెట్‌లో కచేరీకి వచ్చినవాళ్లు విరాళం ఇస్తారు. పుస్తకాలు అమ్మిన లాభంతో ఇవన్నీ నడవవు కాబట్టి, కార్యక్రమాల కోసం 'బర్డ్ అండ్ బెకెట్ కల్చరల్ లెగసీ ప్రాజెక్ట్' అనే లాభాపేక్ష లేని సంస్థ ఉంది. చందాలు, విరాళాలతో వాద్యకారులకి డబ్బు ఇస్తారు. 2020లో కరోనా వచ్చి జనం రావడానికి వీల్లేనప్పుడు కూడా వాద్యకారుల్ని పిలిచి, ఖాళీ కుర్చీల ముందు వాయింపించి, ఇంటర్నెట్‌లో ప్రత్యక్ష ప్రసారం చేశారు. ఆ ప్రసారాలు ఇప్పటికీ నడుస్తున్నాయి. మా నాన్న చూసింది అదే.

ఇక్కడా వాద్యకారులేం కోటీశ్వరులు కాదు. చాలామంది పగలు పాఠాలు చెప్పుకుంటారు, వేరే ఉద్యోగాలు చేస్తారు. ఈ నగరం అద్దెలు అలాంటివి. అందులో నాలాంటి సాఫ్ట్‌వేర్ వాళ్ల పాపమూ ఉంది. కానీ ఇచ్చే డబ్బు ఇచ్చే పద్ధతిలో తేడా ఉంది. కోటు గుండీలో దోపడం వేరు, డబ్బాలో వేసి నమస్కారం పెట్టడం వేరు.

పది రీడ్ల డబ్బా

ఆ ఫోన్ తర్వాత ప్రతి శనివారం పొద్దున్నే నాన్న తయారు. "ఇవాళ డ్రమ్ము కుర్రాడు బాగున్నాడు, తొందర లేదు" అంటాడు. "ఆ పెద్ద తీగల వాయిద్యం ఆయన నిలబడి నిలబడి కాళ్లు లాగవా" అని జాలిపడతాడు. ఓసారి అడిగాడు, "వాళ్లు కాగితం చూడకుండా అంతసేపు ఎలా కల్పిస్తున్నార్రా?" నేను హెడ్, 32 బార్లు అంటూ పెద్ద క్లాసు పీకాను. అంతా విని, "ఓస్, అదా! ఊరేగింపు గుడి దగ్గర ఆగిపోతే అరగంట అదే పాట తిప్పి తిప్పి వాయించేవాళ్లం. విసుగొచ్చి లోపల ఏవేవో సంగతులు వేసేవాణ్ని. ఎవడు విన్నాడు?" అన్నాడు.

ఎవడు విన్నాడు. నేనూ వినలేదు.

మొన్న సంక్రాంతికి ఇంటికి వెళ్లాను. భోగి మర్నాడు మధ్యాహ్నం నాన్నని పెట్టె తీయమన్నాను. "ఎందుకురా ఇప్పుడు" అంటూనే తీశాడు. కార్కులు ఎండిపోయాయి, రెండు ప్యాడ్లు ఊడాయి, రీడు చివర చిట్లింది. మైనం రాసి, దారం చుట్టి ఎలాగో బిగించాడు. నేను వసారాలో రెండు కుర్చీలు వేశాను. ఒకదాంట్లో అమ్మ, ఒకదాంట్లో నేను. ఆయన నిలబడబోతే, స్టూలు తెచ్చి కూర్చోమన్నాను. కూర్చుని వాయించడం అలవాటు లేక కాసేపు ఇబ్బంది పడ్డాడు.

మొదట గాలి తప్ప ఏం రాలేదు. తర్వాత కీచుమంది. అమ్మ నవ్వింది. ఆ తర్వాత కింది స్థాయిలో ఓ స్వరం నిలబడింది. పాత సినిమా పాట ఎత్తుకున్నాడు. రెండో చరణం దగ్గర ట్యూన్ వదిలేసి, ఏవో సంగతులు వేసి, తిరిగి పల్లవికి వచ్చి పడ్డాడు. అలవాటు చొప్పున మధ్యలోనే చప్పట్లు కొట్టాను. ఆయన ఆపేసి, "ఏం, తప్పు పోయిందా?" అన్నాడు. అక్కడ అలాగే కొడతారని చెప్పాను.

అప్లికేషన్లో 'వ్యాపారం' అని రాసిన సంగతి ఆ రోజే చెప్పాను. "తెలుసులే. సంతకం పెట్టింది నేనే కదా" అన్నాడు.

మన ఊళ్లలోనూ శాఖా గ్రంథాలయాలున్నాయి. సాయంత్రం పేపర్లు చదివే నలుగురు తప్ప ఎవరూ ఉండరు. నెలకో సాయంత్రం నాలుగు బల్లలు జరిపి, ఇరవై కుర్చీలు వేసి, ఊళ్లో వాయించే వాళ్లని పిలిస్తే ఎంత ఖర్చవుతుంది? నాకైతే పెద్ద లెక్క కనబడలేదు. మా ఊరి లైబ్రేరియన్ గారిని అడిగి వచ్చాను. పైవాళ్లని కనుక్కుని చెప్తానన్నారు. ఇంకా చెప్పలేదు. నేను వదల్లేదు.

నాన్న మాత్రం తిరుగు ప్రయాణం రోజు ఓ చీటీ చేతిలో పెట్టాడు. 'క్లారినెట్ రీడ్లు, రెండున్నర నంబరు, ఒక డబ్బా. ప్యాడ్లు ఒక సెట్టు.' డబ్బాలో పది రీడ్లుంటాయి. కొన్నాను. వచ్చే నెల మా ఫ్రెండ్ ఒకడు భీమవరం వెళ్తున్నాడు, వాడికిచ్చి పంపుతున్నాను.